కాకినాడ తీరంలో రాత్రి ఏడున్నరకి ఆర్‌టీకే ఫిక్స్ ఎందుకు పోతుంది: సూర్యుడు, అయనావరణం, మన అక్షాంశం

మీరు చెప్పినదాంట్లో ముఖ్యమైనవి ఇవి. డ్రెడ్జింగ్ సర్వే బోటు మీద ఆర్‌టీకే రోవర్ (కదిలే రిసీవర్) ఉంది, దానికి దిద్దుబాట్లు పంపే బేస్ (స్థిర రిసీవర్) ఒడ్డున ఉంది, మధ్య దూరం 12 కిలోమీటర్లు. ఆర్‌టీకే అంటే ఆ దిద్దుబాట్లతో అప్పటికప్పుడే సెంటీమీటర్ల కచ్చితత్వంతో స్థానం తేల్చే ఉపగ్రహ పద్ధతి. 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో దాదాపు రోజూ రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా ఫిక్స్ (తరంగాల పూర్ణసంఖ్యలు తేలిన కచ్చితమైన లెక్క) పోయి ఫ్లోట్‌లో (అవి తేలని ఉజ్జాయింపులో) పడేది. జూన్‌కి తనంతట తనే సర్దుకుంది. ఇబ్బంది వచ్చిన రోజుల్లో కేపీ సూచిక (భూమి అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) 1, 2 మాత్రమే. కేపీ 7కి వెళ్లిన ఒక రాత్రి మాత్రం ఏ గొడవా లేకుండా పని నడిచింది. కాబట్టి ఇది అయనావరణం (ఎండకి ఎలక్ట్రాన్లు విడిపోయి ప్లాస్మాగా మారిన ఎగువ గాలి పొర) పని కాదనీ, యాంటెన్నా గానీ రేడియో లింకు గానీ పాడైందనీ మీ అనుమానం.

ఏదీ మార్చకండి. మీరు రాసిన లక్షణాలన్నీ, ఆ కేపీ 7 రాత్రితో సహా, ప్లాస్మా బుడగలకి (అయనావరణంలో రాత్రిపూట పుట్టే, ఎలక్ట్రాన్లు పలుచబడ్డ ఖాళీలకి) అతికినట్టు సరిపోతున్నాయి. చిక్కంతా కేపీని నమ్ముకోవడంలో ఉంది. అది ఎక్కువగా మధ్య, ఎగువ అక్షాంశాల స్టేషన్ల రీడింగుల నుంచి తీసే సూచిక. కెనడాలో, నార్వేలో సర్వే చేసేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరున్న మనకి ముందు చూడాల్సినవి వేరే మూడున్నాయి: సూర్యుడి రేడియో ఫ్లక్స్ ఎఫ్10.7 (సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడో చెప్పే కొలత), నెల, సూర్యాస్తమయ సమయం. కేపీది వీటి తర్వాతి వరస. అదీ ఎన్ని గంటలకి పెరిగిందో తెలిస్తేనే దాన్నిబట్టి ఏమైనా చెప్పగలం.

అయస్కాంత భూమధ్యరేఖ మన దేశంలో కేరళ, తమిళనాడుల దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963 నవంబర్ 21న మొదటి రాకెట్‌ని తుంబా నుంచి ఎగరేసింది కూడా ఆ గీత అక్కడ ఉందనే. ఆ గీత దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా, దక్షిణం నుంచి ఉత్తరానికి ఉంటుంది. పగటిపూట సుమారు 105–110 కిలోమీటర్ల ఎత్తులో గాలుల వల్ల తూర్పు దిక్కుగా విద్యుత్ క్షేత్రం పుడుతుంది. తూర్పుకి విద్యుత్ క్షేత్రం, ఉత్తరానికి అయస్కాంత క్షేత్రం ఉంటే ప్లాస్మా నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పగలు ఆ వేగం సెకనుకి 20–30 మీటర్లు. పైకి లేచిన ప్లాస్మా అయస్కాంత రేఖల వెంట జారి ఉత్తరాన, దక్షిణాన దిగుతుంది, అచ్చం ఫౌంటెన్ నీళ్లలాగే. అందుకే ఎలక్ట్రాన్ల సాంద్రత భూమధ్యరేఖ మీద కన్నా దానికి అటూఇటూ 15 డిగ్రీల దగ్గర ఎక్కువ. మనవైపు ఆ శిఖరం అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల మీదుగా ఉంటుంది. కాకినాడ అయస్కాంత భూమధ్యరేఖకి సుమారు 9 డిగ్రీల ఉత్తరాన, లోయకీ శిఖరానికీ మధ్య వాలు మీద ఉంది. తిరునల్వేలి, అలీబాగ్ మాగ్నెటోమీటర్ల రీడింగుల తేడా తీస్తే ఆ రోజు ఎలక్ట్రోజెట్ (ఆ 105–110 కిలోమీటర్ల ఎత్తులో పగలు పారే విద్యుత్ ప్రవాహం) ఎంత బలంగా ఉందో తెలుస్తుంది. అది బలంగా ఉన్న రోజు మధ్యాహ్నం ఫౌంటెన్ కూడా బలంగా ఉంటుంది.

ఇందులో సూర్యుడి పాత్ర రెండు విధాలుగా ఉంటుంది. అతినీలలోహిత కిరణాలు పెరిగితే ఎలక్ట్రాన్లు పెరుగుతాయని అందరికీ తెలుసు. సౌరచక్రం అడుగున ఎఫ్10.7 సుమారు 70 ఉంటే, పైకొచ్చినప్పుడు 150 నుంచి 250 దాకా పోతుంది. చురుకైన సంవత్సరాల్లో విషువత్తు నెలల మధ్యాహ్నం శిఖరం దగ్గర టెక్ (సిగ్నల్ దారిలో ఉన్న మొత్తం ఎలక్ట్రాన్ల లెక్క) 100 యూనిట్లు దాటడం మామూలే. ఒక్కో యూనిట్‌కి ఎల్1 (జీపీఎస్ ప్రధాన ఫ్రీక్వెన్సీ) మీద 16 సెంటీమీటర్లు ఆలస్యం వస్తుంది. అంటే నెత్తి మీదున్న ఉపగ్రహానికే 16 మీటర్లు. 15 డిగ్రీల ఎత్తులో ఉన్నదానికి దానికి రెండున్నర రెట్లు. అదే ఒక్కో యూనిట్‌కి ఎల్5 (జీపీఎస్ మరో ఫ్రీక్వెన్సీ) మీద 29 సెంటీమీటర్లు, మన దేశపు నావిక్ ఉపగ్రహాల ఎస్‌బ్యాండ్ మీద ఆరున్నర సెంటీమీటర్లే. ఎంత పెద్దదైనా ఈ పగటి ఆలస్యం నునుపుగా మారుతుంది కాబట్టి, డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఉన్న మీకు దాంతో పెద్ద పేచీ లేదు. సింగిల్ ఫ్రీక్వెన్సీ వాడేవాళ్ల పరిస్థితి అలా కాదు. జీపీఎస్ పంపే క్లోబుచార్ మోడల్ రాత్రి ఆలస్యాన్ని 5 నానోసెకన్లు, అంటే మీటరున్నర అని స్థిరంగా పట్టుకుంటుంది. మన దగ్గర చురుకైన ఏడాది ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదికి కూడా టెక్ 60 ఉండొచ్చు, అంటే దాదాపు 10 మీటర్లు. ఫోన్ జీపీఎస్ రాత్రి ఎత్తు తప్పు చూపిస్తుందనే ఫిర్యాదుల్లో కొన్నిటి మూలం ఇది కావచ్చు.

మీ సమస్య సూర్యుడి రెండో ప్రభావంలో ఉంది. అది సాయంత్రం జరుగుతుంది.

మార్చి చివర్లో కాకినాడలో సూర్యుడు 6:10–6:15 మధ్య అస్తమిస్తాడు. అది నేల మీద. 110 కిలోమీటర్ల ఎత్తున ఇంకో 45 నిమిషాలు, 350 కిలోమీటర్ల ఎత్తున గంటా పావు దాకా ఎండ ఉంటుంది. కింది పొర ముందు చీకటిపడి దాని వాహకత కుప్పకూలుతుంది, పై పొరలో ఇంకా ప్లాస్మా నిండుగా ఉంటుంది. ఈ తేడా వల్ల తూర్పు దిక్కు విద్యుత్ క్షేత్రం పడమటికి తిరిగిపోయే ముందు ఒక్కసారి ఎగసిపడుతుంది. దాంతో ఎఫ్ పొర (ఆ పై పొర) మొత్తం పైకి లేస్తుంది. సూర్యుడు మందంగా ఉన్న ఏళ్లలో ఆ వేగం సెకనుకి 10–20 మీటర్లు, చురుకైన ఏళ్లలో 40–60, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మీ గడియారంలో ఇది సుమారు ఏడు గంటలు.

పొర పైకి లేచేసరికి కింద నుంచి ఎండ పోయి అడుగుభాగం వేగంగా ఖాళీ అవుతుంది. పైన బరువైన ప్లాస్మా, కింద తేలికైనది. నూనె మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది: తేలికైనది బుడగలుగా పైకి చీల్చుకుంటూ పోతుంది. పొర ఎంత ఎత్తున ఉంటే అంత పలుచటి గాలి, అన్ని తక్కువ ఢీలు, అంత వేగంగా బుడగ పెరుగుతుంది. సూర్యుడు చురుగ్గా ఉంటే బుడగలు ఎక్కువ కావడానికి అసలు కారణం ఇదే. ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉండటం కన్నా, ఆ విద్యుత్ క్షేత్రం పొరని సాయంత్రం ఎంత ఎత్తుకి విసిరిందన్నది ముఖ్యం. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లు చూసేవాటిలో ఈ బుడగల లోపలి అలజడి కూడా ఒకటి.

బుడగ పుట్టేది అయస్కాంత భూమధ్యరేఖ మీద, మీరున్నది 9 డిగ్రీల ఉత్తరాన. బుడగ అయస్కాంత రేఖ పొడవునా సాగుతుంది కాబట్టి, అక్కడ ఎంత ఎత్తుకి లేస్తే మనవైపు అంత దూరం దాని కొస వస్తుంది. లెక్క వేస్తే, కాకినాడ మీద 350 కిలోమీటర్ల ఎత్తుని తాకే రేఖ భూమధ్యరేఖ మీద సుమారు 520 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. భోపాల్‌ని తాకాలంటే బుడగ దాదాపు 830 కిలోమీటర్లు లేవాలి. సూర్యుడు మందంగా ఉన్న ఏళ్లలో చాలా బుడగలు అంత పైకి పోలేవు, అందుకే అప్పుడు భోపాల్‌లో ప్రశాంతంగా ఉన్న రాత్రి తిరుపతిలో అలజడి ఉండొచ్చు. చురుకైన ఏళ్లలో రెండు చోట్లా కొడుతుంది, పైగా శిఖరం దగ్గర సాంద్రత ఎక్కువ కాబట్టి భోపాల్, కోల్‌కతాలవాళ్లకి మనకన్నా గట్టిగా తగులుతుంది.

జూన్‌లో సర్దుకోవడానికి కారణం పగలు-రాత్రి సరిహద్దు గీత. మన దేశం మీద అయస్కాంత రేఖలు దాదాపు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలల్లో ఆ సరిహద్దు గీత కూడా అలాగే ఉంటుంది. అప్పుడు రేఖ రెండు కొసల్లోనూ ఒకేసారి చీకటి పడి ఆ సాయంత్రపు ఎగుపు (ఎఫ్ పొర పైకి ఎగయడం) పదునుగా వస్తుంది. జూన్‌లో గీత వాలిపోయి ఒక కొస ముందు, ఇంకో కొస తర్వాత చీకటిలోకి పోతాయి కాబట్టి ఎగుపు చప్పబడుతుంది. బ్రెజిల్ వైపు అయస్కాంత రేఖలు పక్కకి వాలి ఉంటాయి, అక్కడ డిసెంబర్ ప్రాంతం చెడ్డకాలం. ఇంటర్నెట్‌లో బ్రెజిల్ అనుభవాలు చదివి డిసెంబర్‌లో జాగ్రత్తపడి మార్చిలో దెబ్బతినేవాళ్లు ఉంటారు, మీరు అలా చేయకండి.

ఇక ఆ కేపీ 7 రాత్రి. అయస్కాంత తుఫాను మన అయనావరణానికి రెండు వ్యతిరేక పనులు చేస్తుంది. సౌరగాలిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడు, అంటే బీజెడ్ విలువ బాగా మైనస్‌లోకి పోయినప్పుడు, ధ్రువాల వైపు నుంచి విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో భూమధ్యరేఖ దాకా చొచ్చుకొస్తుంది. పగలూ, సాయంసంధ్యలోనూ దాని దిక్కు తూర్పు. అది మన టైం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య జరిగితే సాయంత్రపు ఎగుపుకి తోడై బుడగల్ని రెచ్చగొడుతుంది. కానీ తుఫాను మొదలై కొన్ని గంటలు గడిచాక ధ్రువ ప్రాంతం వేడెక్కి అక్కడి గాలులు మారి, మనవైపు పగలు పడమటి దిక్కు క్షేత్రం పుడుతుంది. అది ఫౌంటెన్‌నీ, సాయంత్రపు ఎగుపునీ రెంటినీ అణచేస్తుంది. అంటే పొద్దున్నో మధ్యాహ్నమో ఉధృతంగా నడిచిన తుఫాను ఆ రాత్రి మీకు మేలు చేసి ఉండొచ్చు. మీకు జరిగింది అదే అయ్యే అవకాశం ఎక్కువ. అయితే అదే క్షేత్రం రాత్రి తిరగబడి తూర్పు అవుతుంది కాబట్టి, అలాంటి రోజు అర్ధరాత్రి తర్వాత, మామూలుగా ప్రశాంతంగా ఉండాల్సిన 1 నుంచి 5 మధ్య బుడగలు రావచ్చు. 2024 మే 10న మన టైం రాత్రి పదిన్నరకి మొదలైన తుఫానులో డీఎస్‌టీ (తుఫాను బలాన్ని చెప్పే సూచిక) మైనస్ 400 నానోటెస్లాలు దాటింది, లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అంత పెద్దదానికి కూడా మన అక్షాంశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకి?" అన్నదే.

సోలార్ ఫ్లేర్ల గురించి కూడా అడిగారు. ఫ్లేర్ వెలుగు ఎనిమిది నిమిషాల్లో వచ్చి, పగటివైపు కింది పొరని మందం చేసి షార్ట్‌వేవ్ రేడియోని మింగేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి, చివర్న కోలుకుంటాయి. రాత్రివైపు దాని ప్రభావం ఉండదు, కాబట్టి మీ ఎనిమిదింటి సమస్యకి దాంతో సంబంధం లేదు.

ఇప్పుడు రిసీవర్ లోపల ఏం జరుగుతోందో చూద్దాం. బుడగ లోపల, అంచుల్లో రకరకాల పరిమాణాల ముద్దలుంటాయి. వాటిలో 350–400 మీటర్లవి ఎల్1 సిగ్నల్‌ని చెదరగొట్టి, నక్షత్రాలు మిణుకుమన్నట్టు మిణుకుమనిపిస్తాయి. దీన్నే సింటిలేషన్ అంటాం. బుడగ తూర్పుకి సెకనుకి 100 మీటర్లకి పైగా జరుగుతుంటుంది కాబట్టి, ఒక్కో మిణుకు మూడు నాలుగు సెకన్లు. సిగ్నల్ 20 డీబీ దాకా పడిపోయి లేస్తుంది. పడ్డప్పుడు ఫేజ్ లాక్ (తరంగం మీద రిసీవర్ పట్టు) జారి సైకిల్ స్లిప్ (తరంగాల లెక్క తప్పడం) వస్తుంది. జీపీఎస్ మిగతా ఫ్రీక్వెన్సీలైన ఎల్2, ఎల్5ల మీద మిణుకు ఎల్1 కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు, అందుకే ముందు పోయేది రెండో ఫ్రీక్వెన్సీ. రెండు ఫ్రీక్వెన్సీలున్నాయి కదా, అయనావరణం కొట్టుకుపోతుంది కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. ఆ కలయిక ఆలస్యాన్ని తీసేస్తుంది గానీ మిణుకుని తీయలేదు, పైపెచ్చు నాయిస్‌ని మూడు రెట్లు చేస్తుంది.

రెండో దెబ్బ బుడగ గోడది, అంటే టెక్ ఒక్కసారిగా పడిపోయే దాని అంచుది. 50 కిలోమీటర్లలో టెక్ 30 యూనిట్లు పడిందనుకోండి. మీ 12 కిలోమీటర్ల బేస్‌లైన్ మీద అది 7.2 యూనిట్ల తేడా, ఎల్1 మీద మీటరు పైనే, అంటే ఆరు తరంగాలు. మామూలు రోజు ఇదే బేస్‌లైన్‌కి ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఫ్లోట్‌కి పడిపోతే అది నిజాయితీగా పనిచేసినట్టే లెక్క. భయపడాల్సింది తప్పుడు ఫిక్స్‌కి. స్క్రీన్ మీద ఆకుపచ్చగానే ఉంటుంది, లోతు మాత్రం అరమీటరు తప్పుతుంది.

ఇదే జబ్బని మీరే నిర్ధారించుకోవచ్చు. బేస్‌లోనూ బోటులోనూ సెకనుకొక రీడింగు చొప్పున ముడి డేటా రికార్డు చేసి, ఒక్కో ఉపగ్రహం ఎస్‌ఎన్‌ఆర్‌ని (నాయిస్‌తో పోల్చిన సిగ్నల్ బలాన్ని) విడివిడిగా గీయండి. సింటిలేషన్ అయితే ఆకాశంలో ఒక వైపున్న కొన్ని ఉపగ్రహాలే ఊగుతాయి, మిగతావి నిశ్చలంగా ఉంటాయి. కాసేపటికి ఆ ఊగుడు పడమర నుంచి తూర్పుకి జరుగుతుంది. వంద కిలోమీటర్ల బుడగ పావుగంట పైచిలుకులో దాటిపోతుంది, తర్వాత ఇంకోటి. జామర్ గానీ రేడియో జోక్యం గానీ అయితే ఆ బ్యాండ్‌లోని ఉపగ్రహాలన్నీ ఒకేసారి పడతాయి. క్రేను, ఓడ పక్కల నుంచి వచ్చే మల్టీపాత్ (తగిలి తిరిగొచ్చే సిగ్నల్) ఒడ్డున స్థిరంగా ఉన్న బేస్‌లో జీపీఎస్ ఉపగ్రహాలకి మర్నాడు నాలుగు నిమిషాలు ముందుగా అచ్చం అలాగే తిరిగొస్తుంది, బుడగ అలా రాదు. బేస్ డేటాలో కూడా అదే అలజడి కనిపిస్తే బోటు యాంటెన్నా నిర్దోషి. ఒక్క ఈ పరీక్షతోనే కొత్త యాంటెన్నా కొనే ఆలోచన ఆగిపోవాలి.

అంకె కావాలంటే రోటీ (టెక్ మారే వేగం ఎంత ఊగుతోందో చెప్పే సూచిక) లెక్కించండి. 30 సెకన్లకొక రీడింగున్న రైనెక్స్ (ముడి డేటా ఫైలు) చాలు. ఎల్1, ఎల్2 ఫేజులని మీటర్లలోకి మార్చి తేడా తీయండి, ఆ తేడాలో ప్రతి పదిన్నర సెంటీమీటర్లూ ఒక టెక్ యూనిట్. సైకిల్ స్లిప్‌లు తీసేసి, నిమిషానికి ఎంత మారిందో చూసి, ఐదు నిమిషాలకొకసారి దాని ప్రామాణిక విచలనం కట్టండి. 0.5 దాటితే అక్కడ ముద్దలున్నట్టు.

పనిలో చేయగలిగినవి చెప్తాను. అన్నిటికన్నా ముఖ్యమైనది పని వేళల సర్దుబాటు. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలల్లో ఎఫ్10.7 150 పైన ఉంటే, రాత్రి 7:30–11:30 మధ్య బిల్లుకి వెళ్లే తుది లోతుల సర్వే పెట్టకండి. తవ్వకం ఆపనక్కర్లేదు. ఆ నాలుగు గంటలు ఆర్‌టీకే ఎత్తుని వదిలేసి టైడ్ గేజ్ నుంచి నీటిమట్టం తీసుకోండి, అడ్డం కొలతకి డీజీపీఎస్ (ఆర్‌టీకే అంత కచ్చితం కాని, దిద్దుబాటున్న జీపీఎస్) సరిపోతుంది. ఒడ్డున కంట్రోల్ పాయింట్లకి స్టాటిక్ (రిసీవర్‌ని కదలకుండా ఉంచి తీసే కొలత) పెట్టాలంటే తెల్లవారుజాము నాలుగు నుంచి ఉదయం తొమ్మిది మంచి వేళ. మధ్యాహ్నం టెక్ ఎక్కువున్నా నునుపుగా ఉంటుంది కాబట్టి అదీ ఫర్వాలేదు. రాత్రి ఏడున్నరకి మొదలుపెట్టి గంటలో ముగించే సెషన్ మాత్రం అన్నిటికన్నా చెడ్డది.

సెట్టింగుల్లో, జీపీఎస్, గ్లోనాస్, గెలీలియో, బైడూ ఉపగ్రహ వ్యవస్థలన్నీ తెరిచి ఉంచండి. ముప్ఫై ఉపగ్రహాల్లో ఎనిమిది పోయినా ఫిక్స్ నిలబడొచ్చు, పన్నెండులో ఎనిమిది పోతే నిలబడదు. ఎలివేషన్ మాస్క్ (అంతకన్నా కిందున్న ఉపగ్రహాల్ని వదిలేసే హద్దు) 15 డిగ్రీలు పెట్టండి, 20 దాటించకండి. మన దగ్గర అయస్కాంత రేఖలు దక్షిణానికి పైకి లేస్తాయి కాబట్టి, దక్షిణాన కిందుగా ఉన్న ఉపగ్రహాల సిగ్నల్ బుడగ పొడవునా ప్రయాణించి ఎక్కువ దెబ్బతింటుంది. 15 డిగ్రీలతో వాటిలో అధ్వానమైనవి పోతాయి. ఫిక్స్ విశ్వసనీయత 99.9 శాతానికి పెంచండి, ఫిక్స్ ఆలస్యంగా వచ్చినా సరే. ఫేజ్ లూప్ బ్యాండ్‌విడ్త్ మార్చే వీలు మీ రిసీవర్‌లో ఉంటే 10 హెర్ట్జ్ నుంచి 15కి పెంచి చూడండి, స్లిప్‌లు తగ్గొచ్చు. ఇబ్బంది మధ్యలో రిసీవర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయడం మాత్రం వద్దు. బాగున్న ఉపగ్రహాల పూర్ణసంఖ్యలు కూడా పోగొట్టుకుని మొదటికి వస్తారు.

బేస్‌ని 3–4 కిలోమీటర్లకి తేగలిగితే గోడ దెబ్బ ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది, మిణుకు తగ్గదు. 60–70 కిలోమీటర్ల దూరాల్లో స్టేషన్లున్న నెట్‌వర్క్ కరెక్షన్లకి మారితే బాగుపడుతుందని ఎవరైనా చెబితే ఆ సాయంత్రాల వరకు వినకండి. రెండు స్టేషన్ల మధ్య బుడగ గోడ ఎక్కడుందో నెట్‌వర్క్ ఊహించలేదు. ఉపగ్రహం నుంచి ఎల్‌బ్యాండ్‌లో వచ్చే పీపీపీ (సొంత బేస్ లేకుండా స్థానం తేల్చే) సర్వీసుకీ చిక్కే, కరెక్షన్ తెచ్చే సిగ్నలే మిణుకుతుంది. మళ్లీ కుదురుకోవడానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఇంకో బుడగ. అదే కరెక్షన్‌ని ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకుంటే కొంత నయం. అన్నిటికన్నా గట్టి భరోసా ముడి డేటా రెండుచోట్లా దాచి పీపీకే (తర్వాత తీరిగ్గా చేసే లెక్క) చేయడమే. ముందునుంచీ వెనకనుంచీ రెండువైపులా లెక్కించడం వల్ల బుడగకి ముందున్న ఫిక్స్, తర్వాతి ఫిక్స్ రెండూ చేతికొస్తాయి. రెండు దిక్కుల ఎత్తులూ 5 సెంటీమీటర్ల లోపల కలవని చోట ఆ లైను మళ్లీ తిరగండి.

రోజూ సాయంత్రం బోటులో ఒక పని చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. గగన్ (మన దేశపు జీపీఎస్ దిద్దుబాటు వ్యవస్థ) ఉపగ్రహాలు భూస్థిర కక్ష్యలో ఉంటాయి కాబట్టి ఆకాశంలో కదలవు. 83 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-10 కాకినాడకి దక్షిణంగా దాదాపు 70 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. దాని పీఆర్‌ఎన్ (ఉపగ్రహ గుర్తింపు సంఖ్య) 128, ఎన్‌ఎంఈఏ జీఎస్‌వీ లైన్లలో (రిసీవర్ ఇచ్చే ఉపగ్రహాల జాబితాలో) 41గా వస్తుంది. ఏడు గంటల నుంచి దాని ఎస్‌ఎన్‌ఆర్‌ని ఒక గ్రాఫ్‌లో తెరిచి ఉంచండి. 55 డిగ్రీల తూర్పున, అంటే పడమటి వైపు ఉన్న జీశాట్-8 కూడా పక్కనే పెట్టండి, అది పీఆర్‌ఎన్ 127, లైన్లో 40. బుడగలు తూర్పుకి నడుస్తాయి కాబట్టి చాలాసార్లు ముందు 40 ఊగుతుంది, కాసేపటికి 41 అందుకుంటుంది. 40 మీద గీత రెండు మూడు డీబీలకి మించి కొట్టుకోవడం మొదలైందంటే, టైడ్ గేజ్‌కి మారడానికి మీకు కొన్ని నిమిషాల వ్యవధి దొరికినట్టే.